107 నిండే పెద్దావిడకి 108వ ఏటి వేడుక అంటున్నారు: లెక్క తప్పా? కేకు, కోలా, కిమోనో ఎలా?

కైగో_ఫుకువోకా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫుకువోకాలో ఒక వృద్ధుల నిలయంలో కైగో (వృద్ధుల సంరక్షణ) పని చేస్తున్నాను. మా అంతస్తులో ఒక పెద్దావిడ ఉన్నారు. పుట్టింది తైషో 7, అంటే 1918 నవంబరు. వచ్చే నెలకి 107 నిండుతాయి. ఏర్పాట్లు చూసే బాధ్యత నాకిచ్చారు. ఇవి తేలడం లేదు:

బ్యానరు మీద "చాజు" అని రాయించమని వాళ్లబ్బాయి అడిగారు. చాజు అంటే 108 కదా, ఆవిడకి నిండేది 107. అలాగే రాయించవచ్చా?

ప్రపంచంలోనే అత్యంత వృద్ధురాలిగా పేరొందిన మా ఫుకువోకా ఆవిడ కానె తనాకా గారి పుట్టినరోజు వీడియో చూసి, అలాగే కేకు, కోకాకోలా పెట్టాలంటున్నారు. ఆవిడ తినేది నాలుకతో నలిగే రకం భోజనం. నీళ్లకి, టీకి పల్చని తోరొమి (చిక్కదనం పొడి) కలుపుతాం.

కిమోనో వేయాలట. ఆవిడ చక్రాల కుర్చీలోంచి లేవలేరు.

పుట్టినరోజు వరుస సెలవుల మధ్యలో పడింది. ఆ రోజు స్టాఫ్ సగమే ఉంటారు. ముందుకి జరపాలా, వెనక్కి జరపాలా?

సిబ్బంది తరఫున ఏం ఇస్తే బాగుంటుంది, ఏం ఇవ్వకూడదు అన్నది కూడా చెప్పండి.

ఎతో_లెక్కలు

వాళ్లబ్బాయి లెక్క సరైనదేనండి. నిజానికి పాత పద్ధతి అదే.

జపాన్‌లో వయసుకి రెండు లెక్కలున్నాయి. "మన్-నెన్‌రెయ్" అంటే నిండిన ఏళ్లు. ఆస్పత్రి కాగితాలకి, మీ నిలయం ఫైలుకి అదే. "కజోఎ-దోషి" అంటే నడుస్తున్న ఏడు. పుట్టిన రోజునే ఒకటి, ఆపైన ప్రతి జనవరి 1న అందరికీ ఒకేసారి ఇంకొకటి కలుస్తుంది. మన ఇళ్లలో "ఎనభై నిండి ఎనభై ఒకటి పడింది" అంటాం కదా, ఆ పడటం ఇక్కడ పుట్టినరోజున కాకుండా కొత్త సంవత్సరం నాడు జరుగుతుంది. ఇప్పటి సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేసి ఒకటి కలపండి. 2025లోంచి 1918 తీస్తే 107, ఒకటి కలిపితే 108. అంటే ఆవిడకి ఈ జనవరి 1నే 108 పడింది. ఈ ఏడాది ఎప్పుడు చేసినా చాజు చాజే.

ఇబ్బంది వచ్చేది మరోచోట. బ్యానరు మీద 108, కేకు మీద 107 పెడితే ఫొటోలో ఒకటి తప్పనిపిస్తుంది. బ్యానరులో చాజు పక్కన చిన్న అక్షరాలతో "కజోఎ 108" అని రాయించండి. కేకు మీద అంకె వద్దు, పేరు చాలు. ఇంకో సంగతి: వేడుక జనవరి దాటిందంటే కజోఎ 109 అయిపోతుంది. అప్పుడు నిండిన 108 కోసం 2026 నవంబరు దాకా ఆగాలి. ఈ వయసులో ఏడాది ఆగమని ఏ కుటుంబానికీ చెప్పలేం. ఇప్పుడే చేయండి.

చాజు అన్న పేరు అక్షరంలోంచి పుట్టింది. టీ అనే కంజీ (జపనీస్ రాతలోని చిత్రాక్షరం) పైభాగంలో గడ్డి గుర్తు ఉంటుంది. దాన్ని రెండు పదులుగా చూస్తే 20. కింది భాగం విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది, అంటే 88. మొత్తం 108. బ్యానరు రాసేవాళ్లకి ఈ విడదీతని పక్కన చిన్న బొమ్మగా వేయమనండి. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి వేళ్లతో లెక్కపెట్టుకుంటారు, చిన్నపిల్లలకి మరీ ఇష్టం. మిగతా పేర్లూ ఇలాంటివే. బెయ్‌జు 88, బియ్యం అనే అక్షరాన్ని విడదీస్తే వస్తుంది. హకుజు 99, వంద అనే అక్షరం నెత్తిన గీత (ఒకటి) తీసేస్తే తెలుపు అనే అక్షరం మిగులుతుంది. కోజు 111, చక్రవర్తి అనే అక్షరంలో పైన ఆ తెలుపు 99, కింద ఉన్న "రాజు"లో ఒకటి, పది, ఒకటి కలిపి 12.

60కి మాత్రం లెక్క వేరు. కన్‌రెకి అంటే క్యాలెండరు చుట్టు తిరిగి రావడం. అది కజోఎలో 61కి, నిండిన లెక్కలో 60కి వస్తుంది. మన షష్టిపూర్తి వెనక ఉన్న అరవయ్యేళ్ల చక్రం లాంటిదే అక్కడా ఉంది. మళ్లీ పుట్టినట్టని పసిపిల్లల ఎర్రరంగు చేతుల్లేని కోటు, చన్‌చన్‌కో, తొడుగుతారు. 70, 77కి ఊదా, 88కి బంగారం లేక పసుపు, 99కి తెలుపు అన్నది బాగా అలవాటైన వరస. 108కి అంత గట్టి నియమం లేదు, ఆవిడకి నచ్చిన రంగే పెట్టండి.

తేదీ సంగతి: ముందు రోజు చేస్తే అపశకునమన్న పట్టింపు జపాన్‌లో లేదు. 1902 నాటి వయసు లెక్కల చట్టం ప్రకారం పుట్టినరోజు ముందు రోజు ముగిసే క్షణానికే ఏడు నిండుతుంది. ఒసాకాలో, అప్పటికి ప్రపంచంలోనే అత్యంత వృద్ధురాలైన మిసావో ఒకావా గారి 117వ వేడుక 2015లో పుట్టినరోజుకి ఒక రోజు ముందు, మార్చి 4న జరిగింది. కానె తనాకా గారిది జనవరి 2, సరిగ్గా కొత్త సంవత్సరం సెలవులు. 2020లో ఆవిడ 117వ పుట్టినరోజు పార్టీ ఆ ఆదివారం, జనవరి 5న పెట్టారు. కాబట్టి స్టాఫ్ నిండుగా ఉన్న రోజు చూసుకోండి. పుట్టినరోజు నాడు పొద్దున్నే పక్కకెళ్లి ఒక్క మాట "ఒతన్‌జోబి ఒమెదెతో గొజాయ్‌మస్" అని పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడం మాత్రం మానకండి.

మింగుడు_మాట

కేకు, కోలా గురించి నేను చెప్తాను. వృద్ధుల మింగుడు సమస్యలు చూసే స్పీచ్ థెరపీ నా పని. ముందుగా ఒక్క షరతు: మీ నిలయానికి వచ్చే థెరపిస్టుకి, నర్సుకి మెనూ కనీసం వారం ముందు చూపించి, వాళ్లు సరేనన్నదే పెట్టండి. నేను చెప్పేది వాళ్లతో మాట్లాడటానికి పనికొస్తుంది.

మామూలు స్పాంజ్ కేకు ఎందుకు ప్రమాదమంటే, అది నోట్లో ఉన్న కాస్త లాలాజలాన్నీ పీల్చేస్తుంది. ఒక భాగం అంగిలికి అంటుకుంటుంది, మిగతాది పొడి పొడిగా గొంతు వైపు రాలుతుంది. పైనున్న స్ట్రాబెర్రీ ఇంకా చెడ్డది. నలిపితే రసం ఒకటి, పిప్పి ఒకటి అవుతుంది, రెండూ రెండు వేగాలతో దిగుతాయి. మన వైపు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని సర్దుకుంటాం. ఈ వయసులో అసలు పొలమారకుండానే, దగ్గు రాకుండానే, ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. రెండు రోజుల తర్వాత జ్వరం వచ్చాక గానీ తెలియదు. అందుకే "దగ్గలేదు కదా, బాగానే తిన్నారు" అన్న ధీమా వద్దు.

నాలుకతో నలిగే స్థాయి అన్నారు కాబట్టి రెండు దారులున్నాయి. మొదటిది, స్పాంజ్‌ని అంగుళం మందాన కోసి, పల్చని కస్టర్డ్ పాలలో ముంచి ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచడం. పాలు మధ్య దాకా ఇంకాయో లేదో చెంచా వెనక వైపుతో నొక్కి చూడండి. పొడి గడ్డ తగిలితే ఆ ముక్క వద్దు. రెండోది, నాకు ఎక్కువ నమ్మకమున్నది: స్పాంజ్ జోలికే పోకుండా మూస్ (నురుగులా మెత్తగా ఉండే తీపి) పోసి, కేకు ఆకారంలో గడ్డ కట్టించడం. ఇక్కడ దేనితో గడ్డ కట్టిస్తున్నారన్నదే కీలకం. అగర్ (కన్‌తెన్) అయితే నోట్లో గరుకు ముక్కలుగా విరిగి చెదురుతుంది, వద్దు. జెలటిన్ మెత్తగా జారుతుంది కానీ నోటి వేడికి కరిగి నీళ్లవుతుంది. నీళ్లకే తోరొమి కావాల్సినవాళ్లు దాన్ని ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటే కష్టం. మింగుడు ఆహారం కోసమే అమ్మే గెల్ పొడి వాడమని వంటింటికి చెప్పండి.

పైన క్రీము పల్చగా పూస్తే చాలు. గట్టి చాక్లెట్ పలక మీద పేరు రాయించి కేకు మీద పెట్టేది ఫొటో కోసమే, ఫొటో కాగానే తీసేయండి. ఎవరో ఒకరు ప్రేమతో ఆ ముక్కే నోట్లో పెట్టబోతారు.

ఇక కోలా. తోరొమి పొడిని సాధారణంగా 100 మి.లీ.కి ఒక గ్రాము వేస్తే పల్చన, రెండు మధ్యస్థం, మూడు చిక్కన వస్తుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ప్యాకెట్ మీది పట్టికే ప్రమాణం. కోలాలో చేదు అనుభవం ఏంటంటే, పొడి తగలగానే గ్యాసంతా నురుగై పొంగుతుంది, పొడి ఉండలు కడుతుంది, చిక్కబడటం ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతోందని ఇంకో చెంచా వేసేస్తారు. పది నిమిషాల తర్వాత అది గొంతుకి అంటుకునే జిగురవుతుంది. పని చేసే పద్ధతి ఇది: 100 మి.లీ. కోలాకి కనీసం 300 మి.లీ. పట్టే గ్లాసు తీసుకోండి. పొడి కొద్దికొద్దిగా చల్లుతూ నెమ్మదిగా తిప్పండి, నురుగు దిగనివ్వండి, ఫ్రిజ్‌లో పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి, మళ్లీ తిప్పండి. ఆ రెండో తిప్పుడుతోనే నునుపు వస్తుంది. ఉండ ఒక్కటి కనిపించినా పారబోసి కొత్తగా కలపండి. ఇంకా కొంత చురుకు మిగిలే ఉంటుంది. ఆ చురుకు కొందరిలో మింగే కదలికని లేపుతుంది, కొందరికి ఉలికిపాటు తెస్తుంది. అందుకే వేడుక రోజు మొదటిసారి కాకుండా వారం ముందే, థెరపిస్టు ఎదుట, రెండు చెంచాలు ఇచ్చి చూడాలి.

తినిపించేటప్పుడు చిన్న టీ చెంచా, దాని నిండా కాకుండా మూడు నాలుగు గ్రాములు. నడుం నిటారుగా, పాదాలు నేలకో పీటకో ఆని, గడ్డం కాస్త కిందికి ఉండాలి. నిలబడి తినిపిస్తే ఆవిడ తల పైకెత్తుతారు, గొంతు తెరుచుకుపోతుంది. కూర్చుని, ఆవిడ కంటి ఎత్తుకి లేదా కాస్త కిందకి ఉండి ఇవ్వండి. నోట్లో ఉండగా ఎవరూ ప్రశ్న అడగొద్దు. వేడుకల్లో జరిగే అసలు తప్పు ఇదే: కెమెరా పట్టుకుని "రుచిగా ఉందా?" అని అడుగుతారు, ఆవిడ మర్యాదకి జవాబు చెప్పబోతారు. తిన్నాక అరగంట వెనక్కి వాల్చకండి, ఆ రాత్రి పళ్లూ నాలుకా బాగా శుభ్రం చేయండి.

కైగో_ఫుకువోకా

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. "కేకు మీద అంకె వద్దు" అన్నది మాకు తట్టనే లేదు. ఇంకో రెండు: కుటుంబం సెకిహన్ (అలసందల లాంటి ఎర్ర గింజలతో వండే పండగ అన్నం) కూడా ఉండాలంటున్నారు. కొవ్వొత్తులు వెలిగించవచ్చా? ఆ హాల్లోనే ఒకాయనకి ఆక్సిజన్ యంత్రం ఉంది.

మింగుడు_మాట

కొవ్వొత్తి వద్దండి. ఆక్సిజన్ వాడేవాళ్లకి రెండు మీటర్ల లోపల నిప్పు ఉండకూడదని ఇక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిక. హాలు పెద్దదే అయినా, కుర్చీలు జరుగుతూ ఉంటాయి. బ్యాటరీ కొవ్వొత్తి పెట్టండి. ఆవిడ ఊదినట్టు చేయగానే వెనక నుంచి ఒకరు స్విచ్ నొక్కితే సరి. ఊపిరి బిగబట్టి ఊదమని మాత్రం బలవంతం చేయకండి.

సెకిహన్ జిగురు బియ్యంతో వండేది. మోచి (జిగురు బియ్యం ముద్ద) ఎంత ప్రమాదమో దాదాపు అంతే. దాని బదులు, అజుకి గింజలు (సెకిహన్‌లో వేసే ఆ ఎర్ర గింజలే) ఉడికించిన ఎర్రనీళ్లతో మామూలు బియ్యం జావ కాచి మిక్సీ పట్టండి. అలాగే వదిలేస్తే పిండి పదార్థం వల్ల బంకలా సాగుతుంది, గొంతులో వేలాడుతుంది. అందుకే ఎంజైమ్ కలిసిన గెల్ పొడి ఉంటుంది, జావ పొగలు కక్కుతుండగానే వేసి మిక్సీ తిప్పాలి. చల్లారాక వేస్తే పని చేయదు. గింజలు విడిగా ఉడికించి, జల్లెడలో రుద్ది, తొక్క పూర్తిగా తీసేసి, ఆ ముద్దని పైన చుక్కలుగా పెట్టండి. నల్లనువ్వులు చల్లొద్దు, కట్టుడు పళ్ల కింద ఇరుక్కుంటాయి. ఎర్ర రంగు, అజుకి వాసన రెండూ ఉంటే ఆవిడకి అది సెకిహనే. ముక్కు దగ్గర గిన్నె ఒక్క క్షణం పట్టి వాసన చూడనివ్వండి, ఆ తర్వాతే చెంచా.

ఎరి_సరిగ్గా

కిమోనో, కానుకల మాట నేను చెప్తాను.

ముందు పిలుపు. మనకి పెద్దావిడ కనిపిస్తే "అమ్మమ్మా", "మామ్మగారూ" అని నోటికొస్తుంది, అందులో ప్రేమే ఉంది. అక్కడ నిలయాల్లో "ఒబా-చన్" అనడం చులకన కింద లెక్క. ఇంటిపేరుకి "సన్" (మన "గారు" లాంటిది) చేర్చి పిలవండి. వేడుకలో మైకు పట్టుకున్నవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచండి. ఉత్సాహంలో మాట జారేది మైకు ముందే.

కిమోనో: మిసావో ఒకావా గారు తన 117వ వేడుకకి సకురా (చెర్రీ) పూలున్న గులాబీ రంగు కిమోనోలో కూర్చున్నారు. చక్రాల కుర్చీ వాళ్ల కోసం పైభాగం, కింది భాగం విడివిడిగా కుట్టినవి అద్దెకి దొరుకుతాయి. ఓబి (నడుముకి కట్టే వెడల్పాటి పట్టీ) కూడా ముందే ముడి వేసి, వెల్‌క్రోతో అతికేది తీసుకోండి. నిజమైన ఓబి బిగిస్తే పొట్ట నొక్కుకుని తిన్నది పైకి తన్నుకొస్తుంది, వీపు వెనక ముడి వల్ల ఆవిడ ముందుకి ఒరిగిపోతారు. వీపు వైపు ముడి పూర్తిగా మానేయండి, ముందు నుంచి కనిపిస్తే చాలు. ఈ వయసు చర్మం కాగితంలా పల్చగా ఉంటుంది. లోపల నూలు బట్ట వేసి, చేతులు తొడిగేటప్పుడు లాగకుండా, మీ చెయ్యి చేతిగూట్లోంచి పంపి ఆవిడ అరచేతిని పట్టుకుని తీసుకురండి. వేలాడే చేతిగూళ్లు చక్రంలో పడకుండా ఒళ్లో మడిచి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం: ఎడమ అంచు పైన ఉండాలి. ముందు కుడి అంచు ఒంటికి ఆనాలి, దాని మీదికి ఎడమది రావాలి. తారుమారైతే అది చనిపోయినవాళ్లకి కట్టే పద్ధతి. 107 ఏళ్ల మనిషికి, బంధువులందరి ముందు, అంతకంటే నొప్పించే తప్పు లేదు. మీరు ఎదురుగా నిలబడి కడతారు కాబట్టి కుడి ఎడమలు మారిపోతాయి. ఒక గుర్తు: కట్టాక ఆవిడ కుడిచెయ్యి మెడ దగ్గరి మడతలోకి సులువుగా దూరాలి.

పూలు: తెల్ల చామంతి అంత్యక్రియల పువ్వు. కామెల్లియా పువ్వు తలకాయతో సహా రాలుతుందని పెద్దలకి, రోగులకి ఇవ్వరు. కుండీ మొక్క కూడా వద్దు, వేళ్లూనడం అనే మాట మంచాన పడటం అనే మాటలా వినిపిస్తుంది. కోసిన పూల గుత్తి, గాఢమైన వాసన లేనిది, పుప్పొడి తీసేసింది ఇవ్వండి. దువ్వెన వద్దు, దాని జపనీస్ పేరు "కుషి"లో కష్టం (కు), చావు (షి) రెండూ చెవిన పడతాయి. "చాజు కదా" అని టీ పొడి ప్యాకెట్లు పంచాలని ఎవరైనా అంటే, కుటుంబాన్ని అడగండి. టీ అక్కడ సంతాపానికి బదులు కానుకగా ఇచ్చే వస్తువు కూడా.

డబ్బు కవరు కుటుంబం ఇస్తే, దాని మీది దారం విప్పి మళ్లీ కట్టగలిగే సీతాకోకచిలుక ముడిలో ఉండాలి. మళ్లీ మళ్లీ రావాల్సిన శుభానికి అది. విప్పలేని గట్టి ముడి పెళ్లికి, చావుకి.

సిబ్బంది తరఫున షికిషి మంచిది. 24.2 సెం.మీ. × 27.3 సెం.మీ. ఉండే, దాదాపు చదరంగా కనిపించే గట్టి అట్ట అది. మధ్యలో ఆవిడ ఫొటో, చుట్టూ అందరి నాలుగు ముక్కలు. సన్న పెన్నుతో కిక్కిరిసి రాస్తే ఆవిడ చదవలేరు. ఎనిమిది మందికి ఒక అట్ట చొప్పున, నల్ల మార్కరుతో వేలి గోరంత అక్షరాలు రాయండి. తెలుగులో ఒక వాక్యం రాసి, కింద జపనీస్‌లో అర్థం రాయండి. ఆ గుండ్రటి అక్షరాలని వేలితో తడుముతూ చూస్తారు.

కొసెకి_చదువరి

తనాకా గారి పేరు వచ్చింది కాబట్టి, వేడుకలో ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలనుకుంటే ఇవి చెప్పండి. నెట్‌లో కలగాపులగంగా తిరుగుతున్నాయి. పుట్టింది 1903 జనవరి 2, మెయ్‌జి 36, ఇప్పుడు ఫుకువోకా నగరం తూర్పు వార్డులో కలిసిపోయిన వజిరో గ్రామం. 1922లో పెళ్లి, భర్తతో కలిసి మోచి, ఉడోన్ (లావు నూడుల్స్) అమ్మే దుకాణం నడిపారు. 45వ ఏట క్లోమానికి, 103వ ఏట పెద్దపేగుకి క్యాన్సర్ వచ్చి తట్టుకున్నారు. 2019 మార్చి 9న జీవించి ఉన్నవారిలో అత్యంత వృద్ధురాలిగా గిన్నిస్ ధ్రువపత్రం అందింది. కోలా, చాక్లెట్, ఒథెల్లో ఆట ఆవిడ ఇష్టాలు. 117వ పుట్టినరోజున కేకు తిని "రుచిగా ఉంది, ఇంకా కావాలి" అన్నారు. 119వ దానికి ఆవిడ పేరు, వయసు అచ్చేసిన కోలా సీసాలు కానుకగా వచ్చాయి. 2022 ఏప్రిల్ 19న, 119 ఏళ్ల 107 రోజుల వయసులో కన్నుమూశారు. రుజువైన వయసుల్లో ఆవిడ కంటే ముందున్నది ఫ్రాన్స్‌కి చెందిన జాన్ కల్మాఁ ఒక్కరే, 122 ఏళ్ల 164 రోజులు.

ఆ కోలా సీసా ఆలోచన మీరూ వాడుకోవచ్చు. ఖాళీ సీసాకి మీ పెద్దావిడ ఫొటోతో లేబుల్ అంటించి పక్కన పెట్టండి. తాగేది గ్లాసులో, తోరొమి కలిపింది.

తనాకా గారిలాగే ప్రపంచంలో అత్యంత వృద్ధురాలిగా నిలిచిన తొమికో ఇతోఓకా గారి ఇష్టాలు మీ వంటింటికి ఇంకా దగ్గర: అరటిపండు, కల్పిస్ అనే పుల్లటి పాలపానీయం. అషియా నగరంలో 2024 మే 23న ఆవిడకి 116 నిండినప్పుడు మేయరు నుంచి పూలు, కేకు, కార్డు అందాయి. మెత్తగా రుబ్బిన అరటిపండు, గ్యాసు లేని కల్పిస్ కలపడం తేలిక. కోలాకి థెరపిస్టు ఒప్పుకోకపోతే ఇది గుర్తుంచుకోండి.

అధికారుల సంగతి. వెండి గిన్నె (సకజుకి) 100 ఏళ్లకి ఒక్కసారే వస్తుంది, 108కి రాదు. 1963లో మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో నూరేళ్లవాళ్లు 153 మంది. 2025 సెప్టెంబరు లెక్కకి 99,763 మంది, అందులో దాదాపు 88 శాతం ఆడవాళ్లు. ఆ పెరుగుదల తట్టుకోలేకే గిన్నె మొదట చిన్నదైంది, 2016 నుంచి వెండిపూత గిన్నె అయింది. మీ పెద్దావిడ గిన్నె ఇంట్లో ఎక్కడో అట్టపెట్టెలో ఉండి ఉంటుంది. వాళ్లబ్బాయిని అడిగి తెప్పించి బల్ల మీద పెట్టండి. నల్లబడి ఉంటే మెత్తటి బట్టతో తుడవండి, ఆవిడకి నూరేళ్లు నిండింది 2018లో కాబట్టి అది పూత గిన్నే, పాలిష్ ముద్దతో రుద్దితే పూత పోతుంది.

వార్డు ఆఫీసుకి కనీసం మూడు వారాల ముందు ఫోన్ చేయండి. ఊరిని బట్టి మేయరో, ఉద్యోగో శుభాకాంక్షల పత్రంతో వస్తారు. వచ్చినవాళ్లు ఆవిడని స్వయంగా చూడాలంటే విసుక్కోకండి. 2010లో టోక్యోలో, రికార్డుల ప్రకారం 111 ఏళ్లున్న ఒకాయన దశాబ్దాల కిందటే చనిపోయాడని బయటపడింది. ఆ తర్వాత అలా ఎదురుగా చూసి వెళ్లడం మీద పట్టుదల పెరిగింది.

విలేకరులు వస్తామంటే కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అలాగే వెనక కూర్చున్న మిగతా నివాసుల ముఖాలకీ ఒప్పుదల కావాలి. ఇక్కడ కూడా, మీరు రాసిన పుట్టిన నెల వరకూ చాలు. పేరు, నిలయం, ఫొటో పెట్టకండి.

ఎతో_లెక్కలు

పంచాంగం లెక్కలో ఒకటి చూసి ఆగలేకపోయాను. తనాకా గారు పుట్టిన 1903 జనవరి మన లెక్కలో శుభకృత్ నామ సంవత్సరం. 2022 ఏప్రిల్ 2న ఉగాదితో మొదలైంది కూడా శుభకృతే. అంటే పుట్టిన సంవత్సరం రెండోసారి తిరిగొచ్చాక పదిహేడు రోజులకి ఆవిడ వెళ్లిపోయారు. జపాన్ లెక్కలో ఆవిడది కుందేలు ఏడు. కుందేలు పన్నెండేళ్లకోసారి వస్తుంది గానీ, అరవయ్యేళ్ల చక్రంలో సరిగ్గా అదే ఏడు రెండోసారి తిరిగి వచ్చింది 2023లో. అక్కడి లెక్కకి అందనిది మన పంచాంగంలో అందుకున్నారు. మనం ఎనభై ఏళ్ల పది నెలలకి సహస్ర చంద్ర దర్శనం చేస్తాం. ఆవిడ బతికిన 43,572 రోజుల్లో దాదాపు 1,475 పున్నములు వచ్చాయి.

మీ పెద్దావిడది 1918 కాబట్టి గుర్రం ఏడు, మన కాళయుక్తి. 2026 కూడా గుర్రం ఏడే. జనవరిలో ఆవిడ "తోషి-ఒన్నా", ఆ ఏటి జంతువు కింద పుట్టిన మనిషి అవుతారు. వేడుకకి ఒక చిన్న గుర్రం బొమ్మ కొని, కొత్త సంవత్సరం దాకా మంచం పక్కనే ఉంచండి. ఆవిడ ఫొటో పెట్టిన గుర్రం కార్డులు ఇప్పుడే అచ్చేయిస్తే జనవరి 1కి బంధువులకి చేరతాయి. ఇక్కడ పోస్టాఫీసు డిసెంబరు 25 లోపు వేసిన వాటినే జనవరి 1న పంచుతామని చెప్తుంది.

కైగో_ఫుకువోకా

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఖాయం చేశాం, మొత్తం అరగంట. కోలా పరీక్ష వచ్చే మంగళవారం థెరపిస్టుతో. గుర్రం కార్డులకి ఆ రోజు తీసే ఫొటోలే వాడతాం. ఫోన్‌తో తీస్తే సరిపోతుందా?

ఎరి_సరిగ్గా

సరిపోతుంది, కానీ వెనక కెమెరాతోనే తీయండి. సెల్ఫీ కెమెరా కొన్ని ఫోన్లలో బొమ్మని అద్దంలోలా తిప్పి దాచుకుంటుంది. అలాంటప్పుడు మీరు ఎంత సరిగ్గా కట్టినా ఫొటోలో కుడి అంచు పైకి వచ్చేస్తుంది, అదే కార్డుల మీద అచ్చయి బంధువులందరి ఇళ్లకీ వెళ్తుంది. మనవలు పక్కన చేరి సెల్ఫీ తీసుకుంటామంటే సెట్టింగ్స్‌లో ఆ తిప్పడం ఆపేయమనండి. అచ్చుకి పంపే ముందు బ్యానరు మీది అక్షరాలు సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. అవి తిరగబడి ఉంటే కిమోనో కూడా తిరగబడినట్టే.